పిల్లల్ని అడగని చట్టం, అడగని ఇల్లు

పల్లెలో బాల్యవివాహం ఆపడానికి అధికారులు వచ్చారంటే ఆ తంతు దాదాపు ఒకేలా సాగుతుంది. ఎవరో పేరు చెప్పకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తారు. అంగన్‌వాడీ టీచర్, ఐసీడీఎస్ సూపర్‌వైజర్, ఒక కానిస్టేబుల్, వీలైతే తహసీల్దార్ ఆఫీసు నుంచి ఒకరు కలిసి ఆ ఇంటికి వెళ్తారు. ఆధార్, పదో తరగతి మెమో తెమ్మంటారు. అమ్మాయికి పదిహేడే అని తేలుతుంది. అప్పుచేసి పెట్టుకున్నామని, పిలుపులు కూడా అయిపోయాయని పెద్దలు కాసేపు వాదిస్తారు. చివరికి పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయబోమని తండ్రి హామీపత్రం రాసి సంతకం పెడతాడు. సాక్షులు పెడతారు. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ పెళ్లికూతురు లోపలి గదిలోనే ఉంటుంది. వయసు రుజువు చేసే కాగితంతో పని పడుతుంది కానీ ఆమె మాటతో ఎవరికీ పని పడదు.

ఇప్పుడు అదే వయసు అమ్మాయి, అదే ఊళ్లో, తనకు ఇష్టమైన కుర్రాడితో ఇల్లు వదిలి వెళ్లిందనుకుందాం. మైనర్ కాబట్టి తండ్రి ఫిర్యాదు మీద కిడ్నాప్ కేసవుతుంది. ఇద్దరి మధ్యా శారీరక సంబంధం ఉందని తేలితే పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ చట్టం) సెక్షన్లు కూడా చేరతాయి. 2012 నాటి ఆ చట్టంలో పద్దెనిమిదేళ్లలోపు వారి అంగీకారానికి విలువ లేదు. నేరం రుజువైతే కుర్రాడికి కనీసం పదేళ్ల జైలు పడుతుంది. అమ్మాయి ఇంటికి వెళ్లనంటే బాలల సంక్షేమ సమితి ద్వారా ఏదో ఒక హోమ్‌కు పంపిస్తారు. అక్కడ పద్దెనిమిదో పుట్టినరోజు కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

మొదటి కేసులో ప్రభుత్వం తల్లిదండ్రులకు ఎదురు నిలబడింది, రెండో కేసులో వాళ్ల పక్కన నిలబడింది. రెండూ పిల్లల రక్షణ పేరుతోనే జరిగాయి. రెండింట్లోనూ అమ్మాయి ఏమంటుందన్నది కేసు దిశను మార్చే విషయం కాలేదు. పిల్లల హక్కులా, తల్లిదండ్రుల అధికారమా అనే చర్చ మన దగ్గర ఎప్పుడూ ఇల్లు ఒకవైపు, సర్కారు ఒకవైపు లాగే తాడులా నడుస్తుంది. అసలు లోటు ఇంకోచోట ఉంది. పిల్లలు పెరిగేకొద్దీ వాళ్ల మాటకు బరువు పెరగాలన్న సంగతి ఇంట్లోనూ లేదు, చట్టంలోనూ అక్కడక్కడా తప్ప లేదు.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. భారత్ 1992 డిసెంబర్ 11న అందులో చేరింది. పిల్లలకు హక్కులిచ్చి తల్లిదండ్రుల్ని పక్కకు నెట్టే పత్రమని దానిమీద ఒక అపోహ ఉంది కానీ, చదివితే అలా కనిపించదు. పిల్లల పెంపకంలో మొదటి బాధ్యత తల్లిదండ్రులదేనని 18వ అధికరణం చెబుతుంది. వాళ్లు దారిచూపే హక్కును ప్రభుత్వాలు గౌరవించాలని 5వ అధికరణం చెబుతుంది. అయితే ఆ దారిచూపడం పిల్లల ఎదిగే సామర్థ్యానికి తగ్గట్టు ఉండాలని అక్కడే షరతు పెడుతుంది. తన గురించి తీసుకునే నిర్ణయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుందని, వయసును, పరిణతిని బట్టి దానికి విలువ ఇవ్వాలని 12వ అధికరణం చెబుతుంది. ఆరేళ్ల పిల్లాడికి టీకా వేయించాలా వద్దా అని వాడిని అడగమని ఎవరూ అనరు. పదహారేళ్ల పిల్లను అడక్కుండా ఆమె జీవితాన్ని ఖాయం చేయొద్దంటారు, అంతే.

ఇదేదో విదేశీ ఆలోచన అనుకునేవాళ్లు మనింటి నీతిశ్లోకమే గుర్తు చేసుకోవచ్చు. ఐదేళ్ల దాకా లాలించు, ఆపై పదేళ్లు దండించు, పదహారు వచ్చిన కొడుకును మిత్రుడిలా చూడు అంటుంది అది. కొడుకు గురించే చెప్పింది, కూతురి ఊసెత్తలేదు, దండించమంది, అవన్నీ వేరే తగాదాలు. కానీ అంత కరకు శ్లోకం కూడా అధికారానికి ఒక గడువు పెట్టింది. మొదటి రెండు పాదాలనూ మన ఇళ్లు శ్రద్ధగా పాటిస్తాయి. మూడోదాని దగ్గరికొచ్చేసరికి ‘మాకు తెలీదా నీకేం కావాలో’ అంటాయి.

ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే తీర్పు ఇంగ్లండ్‌లో వచ్చింది. పదహారేళ్లలోపు అమ్మాయిలకు, తల్లిదండ్రులకు తెలియకుండా డాక్టర్లు గర్భనిరోధక సలహా ఇవ్వవచ్చన్న ప్రభుత్వ సర్క్యులర్‌ను విక్టోరియా గిలిక్ అనే తల్లి కోర్టులో సవాలు చేశారు. 1985లో, అప్పటికి అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు, ఇద్దరుగా చీలి ఆమె వాదనను తోసిపుచ్చింది. తల్లిదండ్రుల అధికారం ఉన్నది పిల్లల మేలు కోసమని, పిల్లలు విషయాన్ని పూర్తిగా అర్థం చేసుకుని సొంతంగా ఆలోచించగలిగే స్థితికి వచ్చినప్పుడు ఆ అధికారం వాళ్ల నిర్ణయానికి దారి వదలాలని తీర్పు సారాంశం. అంటే గీత వయసు దగ్గర కాదు, అర్థం చేసుకునే శక్తి దగ్గర గీశారు. ఇందులో తలనొప్పి ఉంది. ప్రతి పిల్లనూ, ప్రతి సందర్భాన్నీ విడిగా చూడాలి. డాక్టరు ఒకలా తేలిస్తే జడ్జి ఇంకోలా తేల్చవచ్చు. పద్దెనిమిది అనే అంకె చాలా సుఖం, పుట్టిన తేదీ చూస్తే సరిపోతుంది.

మన చట్టాలు ఆ సుఖాన్నే ఎంచుకున్నాయి, అదైనా నిలకడగా కాదు. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం ఘోరమైన నేరం చేసిన పదహారేళ్ల కుర్రాడి మానసిక పరిణతిని అంచనావేసి పెద్దవాడిగా విచారణకు పంపవచ్చు. అదే కుర్రాడి పరిణతిని మరే మంచి పనికీ ఎవరూ అంచనా వేయరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ పద్దెనిమిది నిండనివారంతా పిల్లలే. కొన్ని మినహాయింపులు పక్కనపెడితే వాళ్ల డేటా వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఐదేళ్ల పాపకూ, ఇంటర్ సెకండియర్ కుర్రాడికీ ఒకటే నియమం. తప్పు చేస్తే పెద్దవాడు, మాట చెబితే పిల్లవాడు అన్నట్టుంది వరస.

అలాగని పిల్లల మాట వినడం మన న్యాయవ్యవస్థకు రాదనీ కాదు. విడిపోయిన దంపతుల మధ్య బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న కేసుల్లో అది ఎప్పటినుంచో ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే, ఆలోచించి చెప్పగలిగే వయసున్న మైనర్ ఇష్టాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చని రాసి ఉంది. ఆచరణలో జడ్జి బిడ్డను ఛాంబర్‌లోకి పిలుస్తారు, అమ్మానాన్నల్నీ లాయర్లనూ బయట ఉంచుతారు. అనుభవమున్న జడ్జి ‘ఎవరి దగ్గర ఉంటావు’ అని మొదలుపెట్టరు. ఏ క్లాసు, బడికి ఎవరు దింపుతారు, జ్వరమొస్తే ఎవరు పక్కన కూర్చుంటారు అని అడుగుతారు. బిడ్డ బట్టీపట్టిన మాటలు చెబుతోందా, సొంత మాటలా అని గమనిస్తారు. చివరికి బిడ్డ కోరిందే తీర్పు కానక్కర్లేదు, 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా పైన. కానీ ఆ మాట వినకుండా తీర్పు రాస్తే పైకోర్టులో ప్రశ్న వస్తుంది. వింటే అధికారం పోతుందని భయపడేవాళ్లు చూడాల్సింది ఇక్కడే. విన్నాక కూడా నిర్ణయం పెద్దల చేతుల్లోనే ఉంటుంది, కాకపోతే దానికి కారణం చెప్పాల్సి వస్తుంది.

ఇంతకీ తల్లిదండ్రుల అధికారం అని మనం కలిపి చెప్పుకునేది చాలాకాలం తండ్రి అధికారమే. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాతే తల్లి. కొడుకు పేర రిజర్వ్ బ్యాంక్ బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నందుకు రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకెళ్లారు. తండ్రి చనిపోయాక మాత్రమే కాదు, ఆయన బిడ్డ బాగోగులు పట్టించుకోని సందర్భాల్లోనూ తల్లి సహజ సంరక్షకురాలేనని 1999లో తీర్పు వచ్చింది. చట్టంలో ఆ వాక్యం మాత్రం మారలేదు.

కోర్టులు, కేసులు కొద్ది ఇళ్లకే పరిమితం. తెలుగు రాష్ట్రాల్లో ఈ అధికారం ప్రతి ఇంట్లోనూ బయటపడే సందర్భం పదో తరగతి తర్వాత వస్తుంది. పరీక్షలు రాయకముందే కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు. ఏ బ్రాంచిలో ఎంత ఫీజు, ఇప్పుడే సీటు రిజర్వ్ చేసుకుంటే ఎంత తగ్గింపు, ఏసీ క్యాంపస్సా నాన్ ఏసీయా, మాట్లాడుకునేది తండ్రితో. బేరం కుదిరి అడ్వాన్స్ కట్టేస్తారు. ఎంపీసీనా బైపీసీనా అన్నది అన్నయ్య ఏం చదివాడు, పెదనాన్నగారి అబ్బాయికి ఏ ర్యాంకొచ్చింది అన్నదాన్ని బట్టి తేలిపోయి ఉంటుంది. హెచ్ఈసీ అన్న మాట ఎత్తితే ఇంట్లో సైలెన్స్. పిల్లకు తన గ్రూపు సంగతి తెలిసేది చాలాసార్లు చుట్టాలకు చెబుతుంటే విని.

చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు. ఇక్కడే సమస్య ఉంది. పెళ్లి విషయంలో తల్లిదండ్రుల నిర్ణయం చెల్లకుండా చేసే దారి ఉంది, కొట్టి గాయపరిస్తే కేసు ఉంది. కానీ పదిహేనేళ్ల పిల్లను రెండేళ్లపాటు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టే నిర్ణయం పూర్తిగా ప్రేమతో తీసుకున్నది, అప్పుచేసి మరీ తీసుకున్నది. దాన్ని ఏ సెక్షనూ పట్టుకోలేదు, పట్టుకోనూ కూడదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ పదహారేళ్లలోపు వారిని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని మార్గదర్శకాలిచ్చింది. ఇంటర్, ఎంట్రన్స్ కోచింగ్ ఒకే కప్పు కింద నడిచే మన కార్పొరేట్ కాలేజీల దగ్గర ఆ మాటకు పదును తక్కువ.

2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక పదిహేడేళ్ల అమ్మాయి హాస్టల్‌లో మరణించింది. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరి, 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలకు కారణమైంది. వంద, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కౌన్సెలర్ ఉండాలని, మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని కోర్టు చెప్పింది. కెరీర్ కౌన్సెలింగ్ పిల్లలతోపాటు తల్లిదండ్రులకూ ఇవ్వాలని కూడా చెప్పింది. మొదటి రెండూ సంస్థ మీద పడే బాధ్యతలు. ఈ చివరిది మాత్రం ఇంటి గుమ్మం దాకా వచ్చింది. అయితే కౌన్సెలింగ్ అడ్మిషన్‌కు ముందు జరిగితేనే ఉపయోగం. ఫీజు కట్టేశాక పిల్ల ఇష్టం అడిగితే ఇచ్చే జవాబు ఇష్టం కాదు, నాన్న డబ్బు మీద జాలి.

దండన విషయంలో చట్టం గీసిన గీత ఇంకా వింతగా ఉంటుంది. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం బడిలో టీచర్ చేయి చేసుకోకూడదు, మానసికంగా వేధించకూడదు. అదే పిల్లవాడు ఇంటికొచ్చాక తండ్రి బెల్టు తీస్తే నేరుగా ‘కొట్టకూడదు’ అని చెప్పే వాక్యం ఏ చట్టంలోనూ లేదు. బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద పిల్లల్ని చూసుకోవాల్సినవారే క్రూరంగా ప్రవర్తిస్తే మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదంటే రెండూ ఉన్నాయి. ఇంకోవైపు పన్నెండేళ్లలోపు పిల్లల మేలుకోరి సదుద్దేశంతో సంరక్షకులు చేసే పనులకు పాత శిక్షాస్మృతి 89వ సెక్షన్ ఇచ్చిన రక్షణ, భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ప్రాణం తీసేటంత, తీవ్రంగా గాయపరిచేటంత పనులకు అది వర్తించదు. ఈ రెండింటి మధ్యా ఉన్న ఖాళీ చాలా పెద్దది. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురైనవారే. ఇళ్లలో దెబ్బలు తిన్నవారిలో నూటికి 88 మందికి పైగా కొట్టింది తల్లో తండ్రో.

ఆ ఖాళీ మూసేసిన దేశంలో ఏం జరుగుతుందో 2012లో తెలుగువాళ్లకు కాస్త గట్టిగానే తెలిసింది. నార్వే రాజధాని ఓస్లోలో ఉంటున్న ఒక తెలుగు దంపతులకు, ఏడేళ్ల కొడుకును పదేపదే హింసించారన్న అభియోగంపై అక్కడి కోర్టు డిసెంబర్‌లో జైలుశిక్ష వేసింది, తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు. స్కూల్ బస్సులో బట్టలు తడుపుకున్నందుకు ఇండియాకు పంపేస్తామని బెదిరించారని పిల్లాడు బడిలో చెప్పడంతో వ్యవహారం బయటపడింది. ఇక్కడ టీవీ చర్చల్లో సగానికి సగం ‘పిల్లాడిని భయపెట్టుకోవడానికి కూడా లేదా’ అన్న ఆశ్చర్యమే. బెదిరింపు ఒక్కటే నేరమన్నట్టు మాట్లాడారు కానీ, కోర్టు ముందున్నది అంతకంటే బరువైన ఆరోపణ. నార్వే పిల్లల్ని కొట్టడాన్ని 1987లోనే నిషేధించింది. అంతకుముందు 1979లో స్వీడన్ మొదలుపెట్టింది. ఇప్పుడు 60కి పైగా దేశాల్లో అలాంటి నిషేధముంది, మన పొరుగున నేపాల్ 2018లో చేరింది.

కానీ ఆ కథలో రెండో సగం కూడా నిజమే. సర్కారు పిల్లల కోసమని అడుగు ముందుకేస్తే అదీ తప్పటడుగు కావచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసిన తీరుపై నార్వేను యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టింది. 2019 సెప్టెంబర్‌లో స్ట్రాండ్ లాబెన్ కేసులో, కుటుంబ జీవితాన్ని గౌరవించే హక్కు ఉల్లంఘన జరిగిందని గ్రాండ్ ఛాంబర్ తేల్చింది. శిశు సంక్షేమ అధికారికి ఇంటి సంగతి ఫైలులో ఉన్నంతే తెలుస్తుంది. బిడ్డ ఏ కూర తినదో, ఏ పాట వింటే నిద్రపోతుందో ఫైలులో ఉండదు. తల్లిదండ్రుల అధికారానికి ఉన్న అసలైన సమర్థన ఈ దగ్గరితనమే. హోమ్‌ల పరిస్థితి తెలిసినవారెవరూ చిన్న తప్పుకే పిల్లల్ని అక్కడికి పంపమని సిఫార్సు చేయరు.

మరి కేసులు లేకుండా అధికారం తగ్గుతుందా అంటే, తగ్గిన దాఖలా మన దగ్గరే ఉంది. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎంవీ ఫౌండేషన్ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికుల మీద పని మొదలుపెట్టింది. బడికి వెళ్లని పిల్ల ఎవరైనా బాలకార్మికురాలే అన్నది దాని పట్టు. ఇంట్లో పసిపిల్లల్ని ఎత్తుకునే అక్క, గొడ్లుకాసే తమ్ముడు కూడా ఆ లెక్కలోకే వస్తారు. అప్పటిదాకా పేదరికం వల్లే తల్లిదండ్రులు పనికి పంపుతున్నారని అందరూ చెప్పుకునే మాటను ఈ సంస్థ ఒప్పుకోలేదు. చదివించాలని వాళ్లకూ ఉందని, బడి గడప తొక్కించే దారి తెలియక ఆగారని నమ్మింది. తండ్రి మీద కేసు పెట్టడానికి బదులు సర్పంచి, టీచరు, యువకులు, బడికి పంపుతున్న ఇంకో తండ్రి ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నారు. వదలకుండా మళ్లీ మళ్లీ వెళ్లారు. వెనకబడిన పిల్లలకు బ్రిడ్జి క్యాంపులు పెట్టి వయసుకు తగిన తరగతిలో చేర్చారు. ఊళ్లో బిడ్డను పనికి పంపడం నామోషీ అయ్యేదాకా ఆ పని సాగింది. సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మొదటి చైర్‌పర్సన్ బాధ్యత వచ్చాయి.

చట్టం మాత్రం 2016లో ఒక అడుగు వెనక్కి వేసింది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం పూర్తిగా నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత, సెలవుల్లో ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చింది. కుటుంబం అంటే మేనమామ, మేనత్త, బాబాయి, పిన్ని కూడా. ఏది సాయమో, ఏది పనో తేల్చేది మళ్లీ ఇంటిపెద్దే.

బాల్యవివాహాల్లోనూ కాగితం మీది హక్కుకూ, చేతికందే హక్కుకూ మధ్య ఇదే దూరం. 2006 చట్టం ప్రకారం మైనర్‌కు జరిగిన పెళ్లి దానంతటదే రద్దు కాదు. రద్దు చేయమని ఆ అమ్మాయి కోర్టును అడగాలి, మేజర్ అయ్యాక రెండేళ్ల వరకు, అంటే ఇరవై నిండేదాకా గడువుంది. అంతకు ముందే అడగాలంటే సంరక్షకుడో, ఆమె తరఫున ఇంకెవరో బాల్యవివాహ నిషేధ అధికారితో కలిసి పిటిషన్ వేయాలి. ఆ సంరక్షకుడు సాధారణంగా పెళ్లిచేసిన మనిషే. పెళ్లి జరగబోతోందని తెలిస్తే మెజిస్ట్రేట్ నిషేధ ఉత్తర్వు ఇవ్వవచ్చు, దాన్ని కాదని చేసిన పెళ్లి అసలు చెల్లదు. హామీపత్రానికి అంత బలం లేదు, అయినా వాడుకలో ఉన్నది హామీపత్రమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిదిలోపే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం.

పెళ్లి వద్దన్న అమ్మాయి ఆ మాట అన్న రాత్రి ఎక్కడ పడుకుంటుంది అన్నదే అసలు చిక్కు. హాస్టల్‌తో నడిచే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్ని ఎనిమిదో తరగతి నుంచి పన్నెండు దాకా పెంచడానికి 2018లో కేంద్ర పథకం సమగ్ర శిక్ష వీలు కల్పించింది. ఆడపిల్ల అభిప్రాయానికి బరువు తెచ్చిన పనుల్లో ఇది ఏ శిక్షా సెక్షన్‌కూ తీసిపోదు. సీటుంటే ‘చదువుకుంటాను’ అనడానికి ఒక ఆధారం దొరుకుతుంది, తండ్రికీ ఊళ్లో చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. కానీ పెళ్లి ముహూర్తాలు జోరుగా ఉండే ఏప్రిల్, మే నెలల్లోనే హాస్టళ్లు మూసి పిల్లల్ని ఇళ్లకు పంపేస్తారు. ఇంటికెళ్లడానికి భయపడుతున్న అమ్మాయిల పేర్లు సెలవులకు ముందే విడిగా అడిగి తెలుసుకుని, వాళ్లకోసం జిల్లాకు ఒక్క హాస్టలైనా ఆ రెండు నెలలూ తెరిచి ఉంచడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కలెక్టర్ ఆర్డర్, వార్డెన్ జీతం, మెస్ బిల్లు చాలు.